పారీస్ కార్నర్ నుంచి పారిస్ దాకా..

అరవై దాటాక యూరప్ రైలు యాత్ర
లెక్కపెట్టాల్సింది దేశాలను కాదు.. పెట్టె ఎత్తే సార్లను!

చెన్నై, జార్జి టౌన్: జార్జి టౌన్ తెలుగు ఇళ్లకు దూర ప్రయాణాలు కొత్త కాదు. నలుగురైదుగురు బంధువులు కలిసి, గంగా కావేరి ఎక్స్‌ప్రెస్‌లో పక్కపక్కన బెర్తులు చేయించుకుని, పులిహోర పొట్లాలు కట్టుకుని కాశీ, గయ చూసొచ్చిన పెద్దలు గోవిందప్ప నాయకన్ వీధిలోనూ, తంగసాలై వీధిలోనూ ఇప్పటికీ ఉన్నారు. కొట్టు కొడుకుల చేతికొచ్చింది. మనవళ్లు పెద్దవాళ్లయ్యారు. చేతిలో నాలుగు డబ్బులున్నాయి. ‘కాశీ చూశాం, బదరీ చూశాం.. ఓపిక ఉండగానే ఆ యూరప్ కూడా చూసొస్తే?’ అన్న కోరిక కలుగుతోంది.

కోరికతో పాటే భయమూ ఉంటుంది. ‘మోకాళ్లు సహకరిస్తాయా? భాష రాదే! తిండి ఎట్లా?’ అని. ఆ భయంతోనే చాలామంది పది దేశాలు, పదిహేను రోజుల బస్సు టూరుకు డబ్బు కట్టేస్తారు. తెల్లవారకముందే పెట్టెలు గది బయట పెట్టాలి. అరగంటలో ఫొటో తీసుకుని బస్సెక్కాలి. తిరిగొచ్చాక ఏ ఊరు ఏ దేశంలో ఉందో గుర్తుండదు. ‘ఏం చూశారు మామయ్యా?’ అని అడిగితే ‘బస్సు కిటికీ చూశాం’ అనాల్సి వస్తుంది.

దీనికి మరో దారి ఉంది. అది రైలు. స్టేషన్లు చాలావరకు ఊరి నడిబొడ్డునే ఉంటాయి. విమానాశ్రయంలోలా రెండు గంటల ముందు వెళ్లి క్యూలో నిలబడక్కర్లేదు. సీట్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు, మరుగుదొడ్డి పక్కనే ఉంటుంది. పెద్దవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అయితే రైలు యాత్ర సుఖంగా సాగాలంటే ప్రణాళిక వేసే పద్ధతి మారాలి. ఎన్ని దేశాలు చూస్తామన్నది తర్వాతి మాట. పెట్టె సర్ది, ఎత్తి, రైలెక్కించే రోజులు ఎన్ని అన్నది ముందు తేల్చుకోవాలి.

వీరాస్వామయ్య నేర్పిన లెక్క

ఈ పద్ధతి చెన్నపట్నం తెలుగువారికి ఎవరో కొత్తగా నేర్పాల్సింది కాదు. సుమారు రెండు వందల ఏళ్ల క్రితమే ఏనుగుల వీరాస్వామయ్య చేసి చూపించారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18 రాత్రి పట్నం విడిచి, తండయారుపేటలోని తన తోటకు చేరారు. అక్కడి నుంచే కాశీయాత్ర మొదలైంది. అప్పటికి ఆయన వయసు 50 ఏళ్లు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. అంటే 15 నెలలకు పైగా ప్రయాణం.

అప్పటికి రైలు లేదు. రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిలో తొలి రైలు కదిలింది 1856 జూలై 1న. వీరాస్వామయ్య అంతకు 20 ఏళ్ల ముందే, 1836లో కన్నుమూశారు. ఆయన పల్లకీలో, పరివారంతో వెళ్లారు. నిజాం సీమ, నాగపూరు భోంస్లేల సీమ దాటి కాశీ చేరారు. ఒక రకంగా అదీ బహుదేశ యాత్రే. ప్రతి మజిలీలో నీళ్లెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎలాంటిది అని రాసుకున్నారు. పెద్ద ఊళ్లలో రోజుల తరబడి ఆగి, సేదదీరి, కదిలారు. ఆ రాతలనే కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు.

మజిలీ, నీళ్లు, తిండి, విశ్రాంతి.. యూరప్ వెళ్లే పెద్దలు చూసుకోవాల్సినవి ఈ నాలుగే. పల్లకీ స్థానంలో రైలు వచ్చిందంతే.

ముందే వదిలేయాలి

కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలి రావాలంటారు. యూరప్ వెళ్లేవారు మాత్రం బయలుదేరకముందే వదలాలి. కాగితం మీద రాసుకున్న పది దేశాల్లో సగానికి పైగా కొట్టేయాలి. ఒక్కో ఊళ్లో కనీసం మూడు రాత్రులు, వీలైతే ఐదు రాత్రులు బస చేసేలా చూసుకోవాలి. ఆ ఊరి నుంచే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే చిన్న ప్రయాణాలు పెట్టుకుంటే చేతిసంచీ చాలు. పెట్టె గదిలోనే ఉంటుంది.

ఉదాహరణకు 17 రాత్రుల యాత్ర ఒకటి చూద్దాం. పారిస్‌లో 4 రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో 5, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 3, వియన్నాలో 5. నాలుగే బసలు. పెట్టెతో రైలెక్కేది మూడు రోజులే.

మొదటిది పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి బాసెల్‌కు, సుమారు మూడు గంటలు. అక్కడ రైలు మారితే మరో గంటలో లూసెర్న్. రెండోది లూసెర్న్ నుంచి జ్యూరిక్ వెళ్లి, అక్కడి నుంచి నేరుగా సాల్జ్‌బర్గ్‌కు. ఇది కాస్త పెద్ద రోజే, మొత్తం ఆరున్నర గంటలు. అంతసేపు కూర్చోలేమనుకుంటే మధ్యలో ఇన్స్‌బ్రుక్‌లో ఒక రాత్రి ఆగొచ్చు. ఈ దారిలో రైలు లీక్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశం మీదుగా వెళ్తుంది. కిటికీలోంచే ఇంకో దేశం చూసినట్టు! మూడోది సాల్జ్‌బర్గ్ నుంచి వియన్నాకు, రెండున్నర గంటలు.

వియన్నాలో ఉండగా ఓ పూట స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా చూసి రావొచ్చు. రైల్లో సుమారు గంట. హంగరీ రాజధాని బుడాపెస్ట్ కూడా దగ్గరే అనిపిస్తుంది కానీ వెళ్లడానికి రెండు గంటల నలభై నిమిషాలు, రావడానికి అంతే. ఒక్కరోజులో తిరిగి రావడం పెద్దలకు శ్రమ. దాన్ని వదిలేయడమే మేలు.

సంగీతం మీద మక్కువ ఉన్నవారికి సాల్జ్‌బర్గ్ మూడు రాత్రులూ చాలవు. త్యాగరాజస్వామి కంటే 11 ఏళ్ల ముందు, 1756లో మొజార్ట్ పుట్టిన ఇల్లు అక్కడే ఉంది.

విమానం టికెట్ విషయంలో ఒక చిన్న కిటుకు. పారిస్‌లో దిగి వియన్నాలో తిరుగు విమానం ఎక్కేలా టికెట్ తీసుకోవాలి. రానూపోనూ ఒకే ఊరికి తీసుకుంటే మళ్లీ వెనక్కి పారిస్ వెళ్లాలి. రోజూ దండగ, ఓపికా దండగ. విమానం దిగిన రోజే రైలెక్కే పని పెట్టుకోవద్దు. వేసవిలో అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఆ తేడాకు శరీరం అలవాటుపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

వీసా ఎవరి దగ్గర?

ఇక్కడే చాలామంది తడబడతారు. విమానం పారిస్‌లో దిగుతుంది కాబట్టి ఫ్రాన్సు వీసాకే దరఖాస్తు చేయాలనుకుంటారు. కాదు. షెంజెన్ వీసాకు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. పై ఉదాహరణలో ఫ్రాన్సులో 4 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో 5, ఆస్ట్రియాలో 8. కాబట్టి ఆస్ట్రియాకు పెట్టాలి. రెండు దేశాల్లో రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి.

ఆ ఒక్క వీసాతో 29 దేశాలు తిరగొచ్చు. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేకపోయినా షెంజెన్‌లో ఉంది. లండన్ మాత్రం ఇందులోకి రాదు. దానికి బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. ‘పారిస్ దాకా వెళ్లి లండన్ చూడకపోతే ఎట్లా?’ అనుకునేవారు ఈ ఖర్చు, ఈ తిరుగుడు ముందే లెక్కేసుకోవాలి. లండన్ వెళ్లి మళ్లీ యూరప్‌లోకి రావాలంటే షెంజెన్ వీసా కూడా ఒకటికి మించిన ప్రవేశాలకు ఉండాలి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. కానీ వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం. మూడు నెలల ముందే పని మొదలుపెట్టాలి. 2024 జూన్ నుంచి వీసా రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం ఛార్జీ అదనం. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు కావాలి, పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే హోటల్ గదులే బుక్ చేసుకోవాలి.

2025 అక్టోబరు 12 నుంచి అక్కడి సరిహద్దుల్లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయడానికి బదులు ప్రయాణికుల వివరాలు, ముఖం ఫొటో కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది. తొలిసారి వెళ్లేవారు క్యూలో కాసేపు నిలబడాల్సి రావొచ్చు. ఎక్కువసేపు నిలబడలేనివారు విమానం టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌ఛైర్ అడిగి పెట్టుకోవాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

పాసా.. టికెట్టా?

యూరెయిల్ పాస్ పేరు చాలామంది వినే ఉంటారు. యూరప్ బయటివాళ్ల కోసం 1959లో మొదలైన ఈ పాస్ ఇప్పుడు 33 దేశాల్లో పనికొస్తుంది. అరవై ఏళ్లు దాటినవారికి పది శాతం రాయితీ. ఒక నెలలో ఏవైనా 4, 5 లేదా 7 రోజులు, రెండు నెలల్లో 10 లేదా 15 రోజులు తిరిగేలా పాసులున్నాయి. పాస్ వాడిన రోజున ఎన్ని రైళ్లయినా ఎక్కొచ్చు.

అయితే పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్‌లలో వేగంగా వెళ్లే రైళ్లకు సీటు రిజర్వేషన్ తప్పనిసరి. దానికి డబ్బు వేరే. పాస్ ఉన్నవారికి కేటాయించే సీట్లూ కొన్నే. పారిస్-బాసెల్ రైలు ఈ కోవలోదే. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీల్లో చాలా రైళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. అయినా పెద్దలు నాలుగు యూరోలు ఎక్కువైనా సీటు రాయించుకోవడమే మంచిది. కదిలే రైల్లో సీటు వెతుక్కోవడం వాళ్ల వల్ల కాదు.

నాలుగు బసల యాత్రకు పాస్ లాభమా, విడి టికెట్లు లాభమా అన్నది కాగితం మీద రెండు వరుసలు రాసి కూడితే తేలిపోతుంది. జార్జి టౌన్ వాళ్లకు లెక్క చెప్పాలా! కొన్ని నెలల ముందు కొంటే విడి టికెట్లు చవగ్గా వస్తాయి. కానీ బాగా చవకగా వచ్చే టికెట్లకు మామూలుగా డబ్బు తిరిగిరాదు. తేదీలు మారే అవకాశముంటే పాసే నయం. ఇంకో మాట. రైలు మారాల్సిన ప్రయాణానికి రెండు టికెట్లు విడివిడిగా కొనకుండా ఒకే టికెట్‌గా తీసుకుంటే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినా గమ్యం చేర్చే బాధ్యత రైల్వేదే.

అక్కడ కూలీలుండరు

‘స్టేషన్లో కూలీ దొరుకుతాడా?’ అన్నది పెద్దలు అడిగే మొదటి ప్రశ్న. దొరకడు. చెన్నై సెంట్రల్‌లో లాగా ఎర్ర చొక్కా మనిషి ఎదురురాడు. ఎవరి పెట్టె వాళ్లే మోసుకోవాలి. కొన్ని రైళ్లకు ప్లాట్‌ఫారంతో సమానంగా తలుపు ఉన్నా, చాలాచోట్ల రెండు మూడు మెట్లు ఎక్కాలి. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది రెండు నిమిషాలే. తలుపు దానంతటదే తెరుచుకోకపోవచ్చు, మీట నొక్కాలి.

అందుకే మనిషికి ఒక్క పెట్టె, అదీ పది పన్నెండు కిలోలు మించకుండా ఉండాలి. పెళ్లికి వెళ్తున్నట్టు పది పట్టుచీరలు సర్దితే అక్కడ మోసేవాళ్లెవరు? నాలుగు జతలు చాలు. నాలుగైదు రోజులు ఒకేచోట ఉంటారు కనుక ఉతికి ఆరేసుకోవడానికి వీలుంటుంది.

నడవడానికి, ఎక్కడానికి ఇబ్బంది ఉన్నవారికి స్టేషన్ సిబ్బంది ఉచితంగా సాయం చేస్తారు. అక్కడి చట్టంలోనే ఉన్న హక్కు ఇది. కనీసం ఒకరోజు ముందు చెప్పి నమోదు చేసుకోవాలి. వీల్‌ఛైర్ తెస్తారు, రైలెక్కిస్తారు, దిగేచోట ఇంకొకరు ఎదురుచూస్తారు. చాలామందికి ఈ సంగతి తెలియక ఊరుకుంటారు.

పెద్ద రైళ్లకు ప్లాట్‌ఫారం మీద ఎ, బి, సి అని గుర్తులుంటాయి. మన బోగీ ఏ గుర్తు దగ్గర ఆగుతుందో బోర్డు మీద చూసుకుని ముందే అక్కడ నిలబడాలి. కొన్ని రైళ్లు మధ్యలో రెండుగా విడిపోయి చెరో ఊరికి వెళ్తాయి. బోగీ మీద రాసిన ఊరి పేరు చూసి ఎక్కితే గొడవుండదు.

హోటల్ స్టేషన్‌కు దగ్గర్లో ఉంటే మంచిది. బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగాలి. లిఫ్టు ఉందా? లిఫ్టు దాకా వెళ్లడానికి మెట్లున్నాయా? స్నానాలగదిలో తొట్టె ఉందా, మామూలు షవరా? ఎత్తయిన తొట్టెలోకి కాలెత్తి దిగడం మోకాళ్ల నొప్పులవారికి కష్టం, జారితే ప్రమాదం. పారిస్ మెట్రోలో మెట్లు ఎక్కువ. 14వ నంబరు లైను తప్ప మిగతావాటికి అన్ని స్టేషన్లలో లిఫ్టులు లేవు. అక్కడ సిటీ బస్సు మేలు. వియన్నా మెట్రోలో ఆ బాధ లేదు.

ఎత్తులు, ఎండలు, మందులు

స్విట్జర్లాండ్ అనగానే అందరూ చెప్పేది యుంగ్‌ఫ్రావ్‌యోక్. 1912 నుంచి అక్కడికి రైలు వెళ్తోంది. ఎత్తు 3,454 మీటర్లు. కొద్ది గంటల్లో అంత ఎత్తుకు వెళ్తే గాలి పలుచనై ఆయాసం రావొచ్చు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ టికెట్ కొనొద్దు. లూసెర్న్ పక్కనే రిగి కొండ ఉంది. ఎత్తు 1,800 మీటర్ల లోపే. యూరప్‌లో తొలి పళ్లచక్రాల కొండ రైలు 1871లో అక్కడే నడిచింది. సరస్సులో పడవ మీద వెళ్లి, రైల్లో పైకెక్కి, మంచుకొండల వరుస అంతా చూసి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేయొచ్చు.

వెళ్లే నెల కూడా ముఖ్యమే. ‘మద్రాసు ఎండే తట్టుకున్నాం, అక్కడి ఎండెంత’ అనుకోవద్దు. అక్కడ చాలా హోటళ్లలో ఏసీ ఉండదు. 2003 ఆగస్టు వడగాడ్పులకు ఒక్క ఫ్రాన్సులోనే సుమారు 15 వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులే. జులై, ఆగస్టు వదిలేసి మే లేదా సెప్టెంబరు పెట్టుకుంటే హాయి.

మందులు యాత్ర రోజులకు వారం అదనంగా తీసుకెళ్లాలి. సగం చేతిసంచీలో, సగం పెట్టెలో కాదు.. మొత్తం చేతిసంచీలోనే! మన కంపెనీల పేర్లు అక్కడి షాపులో తెలియవు. మందు అసలు పేరుతో డాక్టరు రాసిన చీటీ ఉండాలి. వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీపీ, షుగరు ఉంటే ఫారంలో దాచకుండా రాయాలి. ముందునుంచి ఉన్న జబ్బుకు ఎంతవరకు ఇస్తారో పాలసీలో చదివి సంతకం పెట్టాలి. ‘చవగ్గా వచ్చింది కదా’ అని తీసుకుంటే అవసరానికి అక్కరకు రాదు.

ఆవకాయ సరే.. నెయ్యి వద్దు

తిండి దగ్గర మనవాళ్లు రాజీపడరు. పచ్చళ్లు, పొడులు, అటుకులు పట్టుకెళ్లొచ్చు. నూనె కారకుండా గట్టిగా సీలు వేయించుకోవాలి. నెయ్యి, పాలపొడి, పాలకోవా మాత్రం వద్దు. యూరప్ బయటి నుంచి వచ్చేవారు పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లకు కూడా ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. మే నెలలో వెళ్తున్నాం కదా అని మనవరాలి కోసం నాలుగు బంగినపల్లి పండ్లు దాచుకెళ్తే విమానాశ్రయంలోనే వదులుకోవాలి.

శాకాహారులు జర్మన్‌లో, ఫ్రెంచిలో ‘మాంసం, చేప, గుడ్డు తినం’ అని ఒక చీటీ రాయించుకుని జేబులో పెట్టుకోవాలి. కూరగాయల సూపు అన్నా అందులో మాంసం ఉడికించిన నీళ్లు ఉండొచ్చు. అడగడం తప్పు కాదు. చిన్న వంటగది ఉన్న అద్దె ఇల్లు దొరికితే రాత్రిపూట అన్నం, చారు పెట్టుకోవచ్చు. నాలుగైదు రోజులు ఒకేచోట ఉండటం వల్ల కలిసొచ్చేది ఇదే.

తాంబరం దాకా ఓ రిహార్సల్

వెళ్లే నెల ముందు ఓ ఆదివారం చేయాల్సిన పని ఒకటుంది. పెట్టెలన్నీ సర్దేసి, వాటితోనే బీచ్ స్టేషన్‌కు వెళ్లి తాంబరం లోకల్ ఎక్కి చూడండి. రద్దీ లేని వేళ చాలు. పెట్టెతో మెట్లెక్కగలిగారా? రైలు ఆగిన ఆ కొద్ది క్షణాల్లో ఎక్కి దిగగలిగారా? ఆయాసం వచ్చిందా? రాకపోతే సాల్జ్‌బర్గ్‌లోనూ దిగగలరు. వస్తే పెట్టె బరువు తగ్గించండి, లేదా స్టేషన్ సాయం నమోదు చేసుకోండి. అక్కడ తెలిసి బాధపడటం కంటే తాంబరంలో తెలియడం మంచిది కదా.

టికెట్లు, వీసా అపాయింట్‌మెంటు పిల్లలు ఫోన్లో చేసిపెడతారు. మంచిదే. కానీ ఎక్కడ ఎన్నాళ్లు ఉండాలో, ఏది వదలాలో పెద్దలే చెప్పాలి. ‘మీకేం తెలుసు నాన్నా, పదిహేను రోజుల్లో పది దేశాలు చూపిస్తాం’ అని పిల్లలంటే ఒప్పుకోవద్దు. నడిచేది వాళ్ల కాళ్లు కాదు.

ప్రయాణం రోజు చేతిలో..
* పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల జిరాక్సు రెండు సెట్లు. భార్యాభర్తలు చెరొకటి.
* హోటల్ పేరు, చిరునామా అక్కడి భాషలో రాసిన చీటీ.
* రైలు పేరు, నంబరు, బోగీ, సీటు పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం. ఫోన్ ఛార్జి అయిపోయినా ఇది ఉంటుంది.
* స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు, మిగతా మూడు దేశాల్లో యూరోలు. స్టేషన్ మరుగుదొడ్లకు చిల్లర కావాలి.
* ఆపదలో ఎక్కడైనా 112.
* ఇద్దరూ విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ప్రతి స్టేషన్‌లో ముందే అనుకోవాలి.